పట్నంలో చాయ తాగొచ్చిన సువార్తమ్మ

సువార్తమ్మది ఉడుంపట్టు అని ఆమె అత్త ముత్తమ్మ వాడంతా చెప్పుకు తిరిగేది. అది తిట్టో మెప్పో వినేవాళ్ళకు అంతుపట్టేది కాదు. ముత్తమ్మకైనా తెలుసో లేదో.

సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారికి కాస్త లోపలగా ఉన్న పల్లె వాళ్ళది. అందులో మాదిగవాడ. సువార్తమ్మ పుట్టింది మాత్రం నిడమనూరులో. వాళ్ళ నాయిన కిరస్తానంలో కలిసినవాడు కాబట్టి పాస్టరు గారు పిల్లకు ఆ పేరు పెట్టారు. అత్తగారి ఊళ్ళో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఒకరు సువ్వాతి అన్నారు, ఒకరు సువ్వాలి అన్నారు. ఎవరన్నా సరే ఆమె దిద్దేది. మోకాలి లోతు బురదలో నాటు వేస్తున్నప్పుడు గట్టు మీద నుంచి పటేలు కేకేసినా, నడుం ఎత్తి, "సువార్తమ్మ అయ్యా" అని దిద్ది, మళ్ళీ వంగేది. పటేలు నవ్వేవాడు, కసిరేవాడు, మళ్ళీ తప్పే పిలిచేవాడు. ఆమె మళ్ళీ దిద్దేది. ఏళ్ళు గడిచేసరికి ఊరే అలసిపోయి సరిగ్గా పిలవడం నేర్చుకుంది. మనిషి అట్లాంటిది.

మొగుడు ఉప్పలయ్య దానికి పూర్తిగా ఎదురు. నోట్లో నాలుక లేని మనిషి. చెప్పులు కుట్టడంలో, మోటలకు తోలు తొండాలు కట్టడంలో అతని చేతికి తిరుగు లేదు గాని, కట్టిన దానికి కూలి అడగడానికి మాత్రం ఇంటి నుంచి పెళ్ళాం రావాలి. వాళ్ళకు దక్కింది ఒక్కతే బిడ్డ, అన్నమ్మ. ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. తల్లి ముక్కూ తండ్రి నెమ్మదీ వచ్చాయని ముత్తమ్మ అనేది.

వారానికోసారి సూర్యాపేటలో అంగడి. చెప్పుల కావడి భుజాన వేసుకుని ఉప్పలయ్య, అతనితో మిగతా ముగ్గురూ పొద్దున్నే నడిచిపోయేవాళ్ళు. అమ్మకం అయ్యాక బస్సుల అడ్డ పక్కనున్న వీరేశం హోటలు దగ్గర చాయ తాగేవాళ్ళు. తాగడమంటే లోపలికి పోయి కాదు. లోపలి బల్లలు ఊళ్ళోవాళ్ళకు. మాలమాదిగలకు బయట చూరుకు సత్తు గిలాసలు వేలాడుతుండేవి. గిలాస తీసుకోవాలి. దుమ్ము పడి ఉంటుంది గనక ఒకసారి తొలుచుకోవాలి. చేయి చాపి పట్టుకుంటే వీరేశం మీది నుంచి పోస్తాడు. చూరు కింద గొంతుక్కూర్చుని తాగి, బూడిదతో తోమి, కడిగి, మళ్ళీ చూరుకు తగిలించి పోవాలి. ఇది ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పింది కాదు. నడక వచ్చినట్టే ఇదీ వస్తుంది.

వీరేశం చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే సువార్తమ్మ ఏనాడో తగవు పెట్టుకుని ఆ దిక్కు చూడటం మానేసేది. అతను నవ్వుతూ పలకరిస్తాడు, చాయ నిండా పోస్తాడు, పిల్ల ఉంటే ఇంకో గుక్క ఎక్కువే పోస్తాడు. దూరం నుంచే పోస్తాడు గాని ప్రేమగానే పోస్తాడు.

ఒక అంగడినాడు అన్నమ్మ తన చాయ తాగి, తన గిలాస కడిగి, నాయినమ్మ చేతిలోదీ తండ్రి చేతిలోదీ కూడా తనే తీసుకుంది. బూడిదతో తళతళలాడేట్టు తోమి, మునివేళ్ళ మీద లేచి అన్నీ చూరుకు వరసగా తగిలించింది. వీరేశం పొయ్యి దగ్గర నుంచి చూశాడు.

"నీ బిడ్డ మా తెలివిగల్లది సువార్తమ్మా. ఒక్కమాట సెప్పకుండనే ఎంత సక్కగ కడుగుతదో సూడు. మా ఇంట్ల పిల్లలకు గీ బుద్ధి లేదు," అని మెచ్చుకుని, లోపలి నుంచి బెల్లం ముక్క తెచ్చి పిల్ల చేతిలో పడేట్టు పైనుంచి వదిలాడు.

అన్నమ్మ ముఖం వెలిగిపోయింది. తల్లికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. కొట్టబోతే అడ్డం పడేది. మెచ్చుకున్న మనిషిని ఏమంటుంది? పళ్ళు బిగబట్టి నడిచింది. సగం దారిలో అన్నమ్మ వేళ్ళు నాక్కుంటూ, వచ్చే అంగడికి ఇంకా మంచిగ తోమితే మళ్ళీ బెల్లం ఇస్తాడా అని అడిగింది. ఆ మాట సువార్తమ్మ గుండెలో మేకులా దిగింది.

మొక్కై వంగనిది మానై వంగదని పెద్దలు చెబుతారు. మొక్కప్పుడే వంగిపోయింది మానై నిలబడుతుందా అని మాత్రం ఏ పెద్దా అడిగిన పాపాన పోలేదు. సువార్తమ్మ అడిగింది, మొగుణ్ణి, ఆ రోజు అన్నాలప్పుడు. తన తండ్రి కడిగాడు, తను కడుగుతున్నాడు అన్నాడు అతను. సువార్తమ్మ జవాబు తనే తెచ్చుకుంది.

"పిల్లను పట్నం తీస్కపోదాం. నువ్వు తోళ్ళ బండెంట పోయినప్పుడు సూసిన అన్నవు గద, గాడి హోటళ్ళల్ల కులం అడగరని. కుర్చీల కూసోవెట్టి చాయ తాగిస్త. తాగి, కప్పు గాడనే ఇడిసి లేసి రావాలె. ఒక్కసారన్న అది గట్ల లేసి రావాలె."

ఉప్పలయ్య చూశాననడం నిజమే. ఎవరో వ్యాపారి తోళ్ళ బండితో ముషీరాబాదు దాకా పోయినప్పుడు, ఇరానీ హోటలు గుమ్మం ముందు నిలబడి లోపలికి చూశాడు. ఒకే బల్ల దగ్గర ఒక హమాలీ, ఒక టోపీ పెద్దమనిషి కూర్చుని చాయ తాగుతున్నారు. మరి నువ్వెందుకు పోలేదని సువార్తమ్మ అప్పట్లోనే అడిగింది. ఎవరు పిలవలే అన్నాడు.

ఇప్పుడు మాత్రం అతను ఎన్నడూ లేనంత మాట్లాడాడు. చాయ తాగడానికి పట్నం పోయేవాళ్ళు ఎవరైనా ఉంటారా, వాడ నవ్వదా అన్నాడు. ముత్తమ్మ అప్పటికే నవ్వుతోంది. కాని రెండు రోజులు ఆలోచించి, పోతే తనూ వస్తానంది. చచ్చేలోగా చార్మినారు చూడాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. నాట్ల కూలి మిగిలింది కొంత ఉంది, ఒక మేకపిల్లను అమ్మారు. ఎందుకు పోతున్నారని అడిగిన వాళ్ళకు చార్మినారు చూడటానికనీ, బాగెఆం తోటలో పులిని చూడటానికనీ చెప్పారు. కొవ్వెక్కిందన్నారు వాడలో. అననీ.

పోయేలోపు ఇంట్లో ఒక చిత్రమైన తతంగం నడిచింది. రోలు బోర్లించి దాని మీద అన్నమ్మను కూర్చోబెట్టి, ముంతలో గంజి ఇచ్చేది తల్లి. తాగాలి, ముంత కింద పెట్టాలి, లేచి తలుపు దాకా నడవాలి. కడగొద్దు. ముట్టొద్దు. వెనక్కి చూడొద్దు. పిల్లకు మొదట ఆటగా ఉంది. కాని లేచిన ప్రతిసారీ చేయి ముంత మీదికే పోయేది. తల్లి మళ్ళీ కూర్చోబెట్టేది. ఉప్పలయ్యకూ ఈ పాఠం తప్పలేదు. ముత్తమ్మ ఒక్కతే, గంజి తాగడం తనకు వచ్చు, ఎవరూ నేర్పక్కర్లేదని మొరాయించింది.

పోలీసు చర్య జరిగి యేడాది దాటిన చలికాలం అది. రజాకార్ల భయం పోయింది, మిలిటరీ భయం మిగిలింది. తెల్లవారకముందే పేటలో బస్సెక్కారు. దారిలో ఒకచోట సిపాయిలు బస్సాపి అందరి మూటలూ విప్పించారు. సువార్తమ్మ మూటలో జొన్నరొట్టెలూ చింతతొక్కూ తప్ప ఏమీ లేవు. సిపాయికి రొట్టెల మధ్య తుపాకి దొరుకుతుందని ఆశ ఉన్నట్టుంది, ఒక్కొక్కటీ లేపి చూశాడు. ముత్తమ్మ గొణుక్కుంది, ఆ రొట్టెలు మళ్ళీ ఎవరు తింటారని. ఆకలేసినప్పుడు అందరికంటే ముందు తనే తింది.

పొద్దు బాగా ఎక్కే వేళకు గౌలిగూడలో దిగారు. మూసీ మీది పెద్ద వంతెన దాటి, జనంతో పాటు కొట్టుకుపోయినట్టే నడిచి చార్మినారు దగ్గర తేలారు. ముత్తమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. అందరూ ఎంత ఎత్తు, ఎంత అందం అంటుంటే, ఆమె మాత్రం అంత పైన ఊడ్చేది ఎవరని అడిగింది. మెట్లు ఎక్కలేనని కింద కూలబడి, మిగతావాళ్ళు కదలగానే లేచి అందరికంటే ముందు ఎక్కింది. గాజుల అంగళ్ళ వీధిలో అన్నమ్మ కాళ్ళు ముందుకు పడలేదు. తల్లి రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు వేయించింది. ఉప్పలయ్య మాత్రం గోపురాలూ చూడలేదు, గడియారాలూ చూడలేదు. అతని చూపంతా జనం కాళ్ళ మీదే. ఈ చెప్పుకు వార తప్పు కుట్టిండ్రు, ఆ బూటు తోలు మన దిక్కుది కాదు అనుకుంటూ, పట్నమంతా మడమల ఎత్తులోనే చూశాడు.

మధ్యాహ్నం బాగెఆం చేరారు. పులి నిద్రపోతోంది. అంత దూరం నుంచి వచ్చినందుకు ఒక్కసారి తోకైనా ఆడించలేదు. చెట్టు కింద రొట్టెలు తిని బయటికొస్తుంటే పెద్ద మూకుట్లో జిలేబీ పోస్తున్నవాడు కనిపించాడు. ఆకులో చుట్టి, ఒక్కొక్కటీ ముత్తమ్మ చేతిలోనే పెట్టాడు. ఆమె తీసుకుని, తినకుండా తన అరచేతిని చూసుకుంది.

"వాని చెయ్యి నాకు తాకింది," అంది.

ఉప్పలయ్య గొంతు తగ్గించి, వాడికి తెల్వదు గద అన్నాడు. సువార్తమ్మ, తెల్వకుంటె ఏమాయె, తిను అంది. ముసలమ్మ జిలేబీ కొరికి, నమిలి, మింగి, అప్పుడు అడిగింది.

"తెలిస్తే?"

సువార్తమ్మకు ఆ తర్వాత జిలేబీ తియ్యగా అనిపించలేదు. ఇంత కష్టపడి వచ్చింది దొంగతనంగా కూర్చుని పోవడానికా? కులం అడగని చోట కూర్చోవడం, కులం దాచుకుని కూర్చోవడం, ఈ రెండూ ఒకటేనా? ఈ సంగతి ఇంట్లో రోలు మీద నేర్పిన పాఠంలో లేదు. వేలు పట్టుకుని నడుస్తున్న బిడ్డను చూసి, ముందు కూర్చోవాలి, మిగతాది తర్వాత చూద్దాం అనుకుంది.

నాంపల్లి వైపు ఒక మూలమీద ఇరానీ హోటలు కనిపించింది. రెండు దిక్కులా తెరిచిన తలుపులు, పాలరాతి బల్లలు, గోడలకు నిలువుటద్దాలు. గుమ్మం దగ్గర నలుగురి కాళ్ళూ ఆగిపోయాయి. లోపల ఎవరి గోలలో వాళ్ళున్నారు. ఉప్పలయ్య పక్కకు చూశాడు, ఎవరైనా పిలుస్తారేమోనని. "ఎవరు పిలువరు. మనమే పోవాలె," అని సువార్తమ్మ బిడ్డను ముందు నడిపించింది.

కూర్చున్నారు. ఇంతే మాట, కాని ఆ కూర్చోవడంలో నలుగురికీ ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ముత్తమ్మ కుర్చీ మీద కూడా కాళ్ళు పైకి పెట్టుకుని గొంతుక్కూర్చుంది. అన్నమ్మ కాళ్ళు నేలకందక ఊగుతున్నాయి. ఎదురుగా అద్దంలో ఒక సంసారం కూర్చుని ఉంది. ఎవరో కొత్తవాళ్ళు, కాస్త బెదిరినట్టున్నారు అనుకుంది సువార్తమ్మ. తామేనని తెలిసి ముఖం తిప్పుకుంది.

తెల్లగడ్డం సాయిబు, చాయలందించే బేరా, వచ్చి, ఎంతమందికని అడిగి, నాలుగు కప్పులూ సాసర్లూ బల్ల మీద పెట్టి, చాయ కేతిలి తేవడానికి పోయాడు. ఇక్కడే జరిగింది అసలు సంగతి. తాగాక కడగొద్దని అందరికీ నూరిపోసింది సువార్తమ్మ. తాగకముందు తొలుచుకునే అలవాటు ఒకటుందని ఆమెకే తట్టలేదు. అత్త చేతుల్ని కనిపెడుతోంది, మొగుడి చేతుల్ని కనిపెడుతోంది, బిడ్డ చేతుల్ని కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తోంది. తన చేతుల మీద ఎవరి కాపలా లేదు. అవి నాలుగు కప్పుల్నీ పోగేసుకుని, మూలనున్న నల్లా దగ్గరికి ఆమెను నడిపించుకుపోయి, దుమ్ము లేని కప్పుల్ని బొటనవేలితో రుద్ది రుద్ది కడిగి, మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టాయి.

బేరా కేతిలితో వచ్చి నిలబడ్డాడు. తడి కప్పుల్ని చూశాడు.

"మేమిచ్చిన కప్పు మైలనా అమ్మా? మా చేతిది కడుక్కుంటెనే గాని తాగని కులమా మీది? పోయిన యేడాది సంది గిట్లాంటోల్లు జర ఎక్కువైన్రు. ఇన్నేండ్ల సంది చాయ పోస్తున్న. తాగబుద్ధి గాకుంటె లేసి పొండ్రి. గిట్ల ముంగట కడిగి ఇజ్జత్ తియ్యకుండ్రి."

గట్టిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. పక్క బల్లలవాళ్ళు తల తిప్పారు. సువార్తమ్మకు మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకొకరి కప్పు ముట్టుకుంటే మైలపడే మనుషులని తమను ఎవరన్నా అనుకుంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఉప్పలయ్యకు ముందు అర్థమైంది. ఆమె చెవి దగ్గరికి వంగి, "ఊకో. మనల్ని పెద్ద కులపోల్లనుకుంటున్నడు. అనుకోని," అన్నాడు. ఆ గొంతులో భయం ఉంది. పాపం, ఇంత సంబరం కూడా ఉంది. పుట్టి బుద్ధెరిగాక అతన్ని అట్లా అనుకున్న మొదటి మనిషి ఈ బేరా.

ఊరుకుంటే తీరిపోతుంది. తల వంచుకుని చాయ తాగి పోవచ్చు. ముసలాయన మనసు నొచ్చుకుంటే నొచ్చుకుంటుంది, రేపటికి మరిచిపోతాడు. కాని బల్లకు అటువైపు నుంచి అన్నమ్మ తల్లి నోటి వంకే చూస్తోంది. ముత్తమ్మ చూస్తోంది. తెలిస్తే అని ఆమె అడిగిన మాటకు జవాబు ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు. సువార్తమ్మ లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"పెద్ద కులం గాదు తాతా. మాదిగోల్లం. మా దిక్కు హోటళ్ళల్ల మాకు బయట గిలాసలు ఏలాడదీస్తరు. దుమ్ముంటది గద, కడుక్కోని తాగుతం. తాగినంక మల్ల కడిగి పెడ్తం. గా అలవాటుకొద్ది కడిగిన, నీ కప్పు మైలని గాదు. నువ్వు నొచ్చుకోవాలని గాదు. ఇప్పుడు నీకు తెలిసింది. పొమ్మంటె పోతం. ఉండుమంటె కూసోని తాగుతం."

పక్క బల్ల దగ్గర ధోవతి మనిషి ఒకతను పత్రిక మడిచి, కప్పు సగంలోనే వదిలి, ఇంకో మూలకు పోయి కూర్చున్నాడు. పట్నం కూడా పూర్తిగా పట్నం కాదు మరి. బేరా అతను పోయినంతసేపూ అతన్నే చూశాడు. తర్వాత భుజం మీది గుడ్డ తీసి, నాలుగు కప్పుల్నీ తడి లేకుండా తుడిచాడు. అందులో ఏ తొందరా లేదు.

"కూసో బేటీ," అన్నాడు. "కప్పులు కడుగుడు నా నౌకరి. నువ్వు కడిగితివంటె మా సేటు నన్నెందుకు ఉంచుకుంటడు?"

చాయ పోశాడు. దగ్గరగా వంగి, కప్పు అంచుకు కేతిలి ఆనించి పోశాడు. ఉప్పు తగిలే తియ్య బిస్కట్లు ఒక తట్టలో తెచ్చి పెట్టాడు. అన్నమ్మ బిస్కటు చాయలో ముంచితే సగం విరిగి లోపల పడింది, వేలు పెట్టి తీసుకుని తింది. ముత్తమ్మ సాసరులో పోసుకుని ఊదుకుంటూ, వీరేశం చాయలో పాలు ఇంత చిక్కగా ఉండవని తీర్పు చెప్పింది. సువార్తమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. చాయ వేడికని అనుకోనీ అని తుడుచుకోలేదు.

లేచే వేళ అయింది. అన్నమ్మ కప్పును సాసరులో పెట్టింది, కుర్చీ దిగింది, తలుపు దాకా నడిచింది. ఇంట్లో నేర్పిన పాఠంలో ఒక్కటే తప్పింది, వెనక్కి చూసింది. బేరా వాళ్ళ కప్పుల్నీ, ధోవతి మనిషి సగం వదిలిన కప్పునూ కలిపి ఒకే తట్టలో వేసుకుని లోపలికి పోతున్నాడు. అన్నీ ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి.

"అమ్మా, మనయి, గాయినది ఒక్కతాన్నే ఏసిండు," అంది పిల్ల. రాత్రి బస్సుల అడ్డలో తల వాల్చేదాకా ఆ మాటే చెప్పింది, నాయినమ్మకోసారి, తండ్రికోసారి.

మర్నాడు మొదటి బస్సుకు బయల్దేరి, ఎండ నెత్తికెక్కే వేళకు సూర్యాపేటలో దిగారు. పట్నంలో కూర్చోవడం ఒక ఎత్తు, పేటలో నిలబడటం ఒక ఎత్తు అని బస్సు దిగగానే తెలిసింది సువార్తమ్మకు. ఎదురుగా వీరేశం హోటలు. చూరుకు గిలాసలు. చూడకుండా దాటిపోదామని మూట నెత్తికెత్తుకుంది గాని, ముత్తమ్మ నడుం పట్టేసింది, చాయ లేనిదే కదలనంది. ఈలోగా వీరేశమే నవ్వుతూ పిలిచాడు. పట్నం చూసొచ్చారట గదా, చార్మినారు ఎంతెత్తుంది, నిజాం రాజు కనబడ్డాడా అని పరాచికాలాడాడు. ఉప్పలయ్య కాళ్ళు వాటంతటవే చూరు కిందికి నడిచాయి.

సువార్తమ్మ చేయి కూడా గిలాస అందుకుంది. తొలుచుకుంది. చాపింది. పైనుంచి చాయ పడింది. గొంతుక్కూర్చుని తాగుతుంటే సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది. నిన్న అంత మాట మాట్లాడిన మనిషి ఇదేనా? బేరా దయగలవాడు కాబట్టి నోరు లేచింది, ఇక్కడ రేపు చెప్పులు అమ్ముకోవాలి, వీరేశం బంధువుల పొలాల్లో నాట్లు వేయాలి, కాబట్టి లేవలేదు. అంతేనా తన ఉడుంపట్టు? బిడ్డ వంక చూడటానికి ధైర్యం చాలక నేల చూపులు చూసింది.

అన్నమ్మ చాయ తాగడం అయింది. లేచింది. బూడిద కుండ దగ్గరికి పోలేదు. హోటలు ముందున్న చెక్కబల్ల దగ్గరికి నడిచింది. లోపల తాగినవాళ్ళ గిలాసలు కడగడానికి పోగేసేది ఆ బల్ల మీదే. వాటి పక్కన తన గిలాస పెట్టింది. గాజులు సర్దుకుని, రోడ్డు మీదికొచ్చి నిలబడింది.

వీరేశం నవ్వాడు. "బిడ్డా, గిలాస కడుగుడు మరిసినవ్."

"మరువలే," అంది అన్నమ్మ.

మొండితనం లేదు ఆ గొంతులో, పొగరు లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. వీరేశం నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది. లోపల చాయ తాగుతున్నవాళ్ళు మాటలు ఆపి బయటికి చూశారు. అతను పిల్లను వదిలి తల్లి వైపు తిరిగాడు.

"ఏందిది సువార్తమ్మా? పొల్లకు సెప్పు."

చెబితే అయిపోతుంది. పిల్ల తల్లి మాట వింటుంది, తిరిగొస్తుంది, కడుగుతుంది. ఇంకెన్నడూ మరిచిపోకుండా కడుగుతుంది. సువార్తమ్మకు భయం వేయలేదంటే అబద్ధం. ఆమె లేచింది. నడిచి, తన గిలాసను బిడ్డ గిలాస పక్కన, తాకేట్టు పెట్టింది.

"నా బిడ్డ సరింగనే వెట్టింది అయ్యా. కడుగుడు నీ నౌకరి."

ఉప్పలయ్య అప్పటికే తనది కడిగేశాడు. కడిగిన గిలాస పట్టుకుని చూరు వైపు ఒకసారి, పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు. చివరికి తెచ్చి ఆ బల్ల మీదే పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. అందరి చూపులూ ముత్తమ్మ మీదికి పోయాయి. ఆమె తాగడం ఇంకా అవలేదు. తొందరపడలేదు కూడా. చివరి చుక్క దాకా తాగి, నడుం పట్టుకుని లేచి, గిలాస తెచ్చి మిగతావాటి మధ్యలో ఇరికించింది.

వీరేశం అప్పుడు అరిచాడు. ఇక ఈ చూరు కిందికి వస్తే కాళ్ళు విరుగుతాయన్నాడు, పటేలుతో చెబుతానన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. ఆ మాటలన్నీ నిజమే అవుతాయని సువార్తమ్మకు తెలుసు. కోదాడ దారి పట్టి నలుగురూ నడుస్తుంటే, తల్లి తిడుతుందేమోనని అన్నమ్మ మెల్లగా అడిగింది, మంచిగ పెట్టిన్నా అని.

"మంచిగ పెట్టినవ్," అంది సువార్తమ్మ.